ముందుగా పంచిన అరిసెలు

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్లు
1937 ఆగస్టు

అప్పా,

నువ్వు అబద్ధాలకోరువి. ఈ మాట చదివి కళ్ళజోడు తుడుచుకుంటావని నాకు తెలుసు. తుడుచుకుని మళ్ళీ చదువు. ఎవరినో కాదు, పార్వతీపురంలో బెల్లం కొట్టు నడిపే అప్పయమ్మనే అంటున్నాను. పది నెలల గుంటడు గోడ పట్టుకోకుండా వీధి చివరి దాకా నడిచి వెళ్ళాడని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నీ మనవడు సింహాచలం మీద నాకు పగేమీ లేదు. కానీ పుట్టగానే లేచి నడిచినవాళ్ళ కథలు పురాణాల నిండా చదివినందుకే నాకు దేవుళ్ళ మీద నమ్మకం పోయింది. ఈ నలభై మూడేళ్ళ వయసులో నీ మీద కూడా పోగొట్టుకోమంటావా?

"ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టలేదని కోపగించుకోకు. ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసేవాడెవడూ క్షేమంగా ఉండడు. ఒక వేలికి కాలిన బొబ్బ, ఒక చెవికి వినికిడి తక్కువ. అదీ నా క్షేమం.

నా కూతురి సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాను. అరుణకి ఏడాది దాటింది. మాట వచ్చింది. మొదటి మాట అమ్మ కాదు, నాన్న కాదు, నీ మీద ఒట్టు, అత్త అసలే కాదు. "నై." ఇక్కడివాళ్ళ మాటలో వద్దని. పాలు పోసే మనిషి దగ్గర పట్టుకుంది. పాలు తాగుతావా అంటే నై. పడుకుంటావా అంటే నై. మొన్న అమ్మవారి జాతర చందాకి వచ్చిన పెద్దమనిషి దీవించబోయి తలమీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి తీసేసి మరీ అంది, నై. ఇరవై ఏళ్ళుగా యూనియన్ మీటింగుల్లో గొంతు చించుకుని పెద్దవాళ్ళకి నేర్పాలని చూస్తున్న మాట అది. నోట్లో నాలుగు పళ్ళున్న మనిషి ఎవరూ చెప్పకుండా నేర్చేసింది.

పళ్ళంటే గుర్తొచ్చింది. పత్రికకి పంపాల్సిన వ్యాసం చాప మీద పెట్టి నీళ్ళకి లేచాను. వచ్చేసరికి రెండు పేజీలు నమిలేసింది. నా రాతల్ని ఇంత బాగా జీర్ణించుకున్న పాఠకులు నాకింతవరకు దొరకలేదు. తల్లి కదా, కనకం మాత్రం గుంటకి కడుపునొప్పి వస్తుందని భయపడింది. రాలేదు.

ఇంకొకటి. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అంటూ నీ పిండివంటల పంచాంగం నాకు పంపకు. కష్టపడేది గుంట, తినేది పక్కింటివాళ్ళు. దోపిడీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకనుంచి ఈ ఉదాహరణే చెబుతాను.

నీ తమ్ముడు,
చిన్నారావు


పార్వతీపురం
1937 సెప్టెంబరు

చిరంజీవి తమ్ముడికి అప్ప దీవించి రాసేది.

దీవెనలు నమ్మవు కదా. అయినా దీవించాను. నీకు ఒంటికి పట్టకపోతే కనకానికీ గుంటకీ పంచిపెట్టు.

అబద్ధాలకోరునన్నావు. వీధి చివర అని రాశాను. మా ఇంటికి వీధి చివర ఎంత దూరమో నీకు తెలియదా? కొట్టు పక్కన కంసాలి ఇల్లు, అదే చివర. ఆ కాస్త దూరంలోనూ గుంటడు ఎన్నిసార్లు పడ్డాడో నేను లెక్కపెట్టలేదు. ముక్కు గీరుకుపోయింది. పెదవి చిట్లింది. కోడలు ఏడ్చింది, వాడు ఏడవలేదు. పడ్డ సంగతి రాయకపోవడం నా తప్పేనేమో. నాయనమ్మలు పడ్డవి రాయరు, లేచినవే రాస్తారు.

నీ ఉత్తరం కోడలికి కూడా చదివి వినిపించాను. బాగా నవ్వింది. అంతా బాగానే ఉంది. నోరుంది, పళ్ళున్నాయి, నీ పొగరూ ఉంది. కాళ్ళ సంగతే లేదు. ఏడాది దాటిన గుంట నిలబడుతోందా? గోడ పట్టుకుని అడుగు వేస్తోందా? వెయ్యకపోతే వెయ్యలేదని రాయి. రెండేళ్ళకి నడిచినా అది నా మేనకోడలే.

మాట ముందొచ్చిన గుంటకి నడక ఆలస్యమంటారు పెద్దవాళ్ళు. మాటలు తప్ప ఇంకేమీ చేతకాని మనిషి కూతురు కదా, నాకు ఆశ్చర్యం లేదు.

ఆశీస్సులతో,
అప్ప


బిలాస్‌పూర్
1937 అక్టోబరు

అప్పా,

నడిచింది.

మళ్ళీ రాస్తున్నాను, నీ కళ్ళజోడు కోసం. నడిచింది. ఆదివారం పొద్దున్న వంటింటి గడప దగ్గర నిలబడి, నా వైపు చూసి, రెండు చేతులూ వదిలేసింది. షెడ్డులోంచి ఇంజను లైను మీదకి వచ్చినట్టు, తిన్నగా, తొణక్కుండా, ఊగకుండా నడిచివచ్చి నా మోకాలు పట్టుకుంది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. కనకం చూసింది. నేను చూశాను. మాటలు తప్ప ఏమీ చేతకానివాడి కూతురు నీ మనవడిలా ముక్కు గీరుకుంటూ కాదు, దొరసానిలా నడిచింది.

షెడ్డులో అందరికీ చెప్పాను. ఫోర్‌మన్‌కి కూడా చెప్పాను, ఆయనకి తెలుగు రాకపోయినా. ఇంగ్లీషులోనూ చెప్పాను, హిందీలోనూ చెప్పాను.

ఇక నువ్వు పండగ చెయ్యకు. నడవడం మనిషి స్వభావం. దానికి వేడుకేమిటి? సూర్యుడు ఉదయించినందుకు ఎవరైనా అరిసెలు పంచుతారా?

చిన్నారావు


పార్వతీపురం
1937 నవంబరు

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం కొట్లో చదివాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బెల్లం కోసం వచ్చిన మనిషి చూసి ఏమైందమ్మా అంటే, ఈగ పడిందని చెప్పాను. నీ పెళ్ళై ఇన్నేళ్ళు ఎదురుచూశాక పుట్టిన గుంట. అమ్మ ఉంటే ఈపాటికి నీ క్వార్టరులో కూర్చుని క్వార్టర్ల లైనంతా పిలిచేది. అమ్మ లేదు కనుక నేను చెయ్యాలి.

అరిసెలు పంపుతున్నాను. వద్దన్నావని తెలుసు, అందుకే ముందు వండి తర్వాత రాస్తున్నాను. కొత్త బియ్యం, నా కొట్లో మేలురకం బెల్లం, పైన నువ్వులు. పెద్ద రేకు డబ్బా. ఎర్రయ్య గార్డు చేతికి ఇచ్చాను. రాయపూర్‌లో ఆయన మరో గార్డు చేతికి ఇస్తాడు. రైలు మీద బతికేవాళ్ళం, మనకి పోస్టాఫీసు దేనికి? దారి పొడుగునా గార్డులు తింటారని తెలిసి వాళ్ళ వాటా కూడా కలిపే పెట్టాను.

కనకానికి చెప్పు. ఉతికిన బట్ట పరిచి, దాని మీద అరిసెలు వరసగా పెట్టాలి. గుంటని వాటి మీద నడిపించాలి. తర్వాత ఆ అరిసెలే తెలుగు క్వార్టర్లన్నిటికీ పంచాలి. ఒక్క ఇల్లు వదలకూడదు. నీతో మాటల్లేని ఇళ్ళకి ముందు పంపాలి.

నువ్వు నమ్మకపోతే నమ్మకు. అరిసె నమ్మకం కాదు, బియ్యప్పిండి.

అప్ప


బిలాస్‌పూర్
1937 డిసెంబరు

అప్పా,

నీ డబ్బా వచ్చింది. నీ డబ్బా పాడుగాను.

నేను ఇంట్లో లేనప్పుడు వచ్చింది. ఉంటే అటునుంచి అటే షెడ్డుకి పట్టుకుపోయి కలాసీ కూలీలకి పెట్టేవాణ్ణి, గొడవ ఉండేది కాదు. మా పక్క క్వార్టరులో అప్పలనర్సమ్మని ఒక డ్రైవరు భార్య ఉంది. మన విజీనారం వైపు మనిషి, లైనులో అందరికీ పెద్దదిక్కు, పురుళ్ళ దగ్గర్నుంచి పోట్లాటల దాకా ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి. మూత తీయకముందే వాసన పట్టింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నా ఇంట్లో నాకు కాలు పెట్టే చోటు లేదు. నేల మీద బట్ట, బట్ట మీద అరిసెలు, చుట్టూ ఆడవాళ్ళు.

గుంట నిద్రపోతోందన్నాను. నిద్రపోతున్న గుంట అప్పుడే లేచి నై అంది. ఒంట్లో బాగాలేదన్నాను. అప్పలనర్సమ్మ నుదురు తాకి చూసి మంచులా ఉందంది. మూఢాచారం మీద నాలుగు మాటలు చెబుదామని మొదలుపెట్టాను. ఉపన్యాసం తర్వాత, ముందు అడుగులు అన్నారు. కనకం గుంట చంకల కింద చేతులు వేసి పట్టుకుని అరిసెల మీద నిలబెట్టింది.

అప్పా, ఏం చెప్పమంటావు. దాని కాళ్ళు కప్పకాళ్ళలా మడతపడ్డాయి. ఎత్తితే పైకి ముడుచుకుంది, దించితే మళ్ళీ ముడుచుకుంది. ఆఖరికి అరిసె మీదే చతికిలబడి, పక్కనున్న అరిసె తీసుకుని తినడం మొదలుపెట్టింది. నాకైతే ముచ్చటేసింది. ఎవరి పేరు చెప్పి పంచుతారో వాళ్ళు ముందు తినడం ఈ ఆచారం పుట్టాక ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

వాళ్ళెవరూ నవ్వలేదు. "ఏటి సిన్నారావూ," అంది అప్పలనర్సమ్మ, "నడిసిన గుంట కాళ్ళు ఇలాగ ముడుసుకుంతాయేటి?" నడిచిందనీ, ఈ మధ్య మానేసిందనీ అన్నాను. అంతే. అరిసెలు తీసుకున్నారు కానీ ఎవరూ అక్కడ తినలేదు, కొంగుల్లో కట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నుంచి చూడు మన జాతి వైభవం. నడిచిన గుంట ఆగిపోయిందంటే దిష్టి అని ఒకరు. షెడ్డంతా చాటుకున్నందుకు దిష్టి తగిలిందని ఇంకొకరు. జాతర చందాకి ఎదురుగా పత్రికలో రాసిన నాకు అమ్మవారు తన దెబ్బ చూపించిందని మరొకరు. ముగ్గురూ కలిసి తేల్చిందేమిటో తెలుసా? లాల్‌ఖదాన్ దగ్గర అమ్మన్న అని ఒకడున్నాడు. రైల్వేలో కలాసీగా చేసి మానేశాడు. కొడవలి మొన ఎర్రగా కాల్చి పిల్లల మోకాళ్ళ కింద వాతలు పెడతాడట. ఆగిపోయిన నడక తిరిగి వస్తుందట. ఇక్కడివాళ్ళని తిట్టుకోకు, ఆ కాల్చేవాడు మనవాడే, బొబ్బిలి మనిషి. మన దేశం నుంచి మనం ఇంత దూరం మోసుకొచ్చిన సరుకు ఇది.

నేను అందరినీ గుమ్మం బయటికి పంపి తలుపు వేసి, కనకానికి శరీరశాస్త్రం నుంచి సమాజం దాకా అన్నీ విప్పి చెప్పాను. అంతా విని "అచ్ఛా" అంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, దేనికైనా అదే మాట. తర్వాత అన్నం పెట్టమంటారా అని అడిగింది.

వాతల వైద్యం మీద పెద్ద వ్యాసం రాశాను. పత్రికకి పంపాను. ఈ మూఢుల్ని వదిలిపెట్టను. రేపు కర్గీ రోడ్ స్టేషన్‌లో ఇంజను ఒకటి చెడి నిలబడిందని గ్యాంగుతో నన్ను పంపుతున్నారు. కొన్నాళ్ళు అక్కడే.

చిన్నారావు


పార్వతీపురం
1937 డిసెంబరు

తమ్ముడూ,

ఈ ఉత్తరం గార్డుల చేతుల మీదుగానే వస్తోంది. నువ్వు కర్గీ రోడ్‌లో ఉంటే అక్కడికే చేర్చమని ఎర్రయ్యని బతిమాలాను. చదివిన వెంటనే లే.

అరుణ నడవలేదు. మానెయ్యలేదు. అసలు నడవలేదు.

నువ్వు రాసిన నడక ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. తిన్నగా నడిచింది, ఊగలేదు, తొణకలేదు. పడిందన్న మాటే లేదు. నేను ముగ్గుర్ని కన్నాను, ఒక మనవణ్ణి చూశాను. పడకుండా నడిచిన గుంట ఈ భూమ్మీద లేదురా. పిల్లల నడక చూసినవాడు అలా రాయడు, ఇంజన్లు చూసినవాడు రాస్తాడు. "కనకం చూసింది" అని రాశావు. కనకం ఏమందో రాయలేదు. నేను రెచ్చగొట్టాను, నువ్వు రెచ్చిపోయావు. అక్కడితో పోతే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

కానీ ఇప్పుడేమైందో చూడు. నడవని గుంటకి కావలసింది ఇంకాస్త టైము, అంతే. నడిచి ఆగిపోయిన గుంటకి కావలసింది మందు. నీ మాట విన్నవాళ్ళు మందు వెతుకుతున్నారు. వాళ్ళ మూఢనమ్మకం మీద వ్యాసం రాశానన్నావు. ఒరే, వాళ్ళు నమ్మింది అమ్మవారిని కాదు. నిన్ను.

నీ పొట్ట మీద మచ్చలున్నాయి, చూసుకో. నీకు నెలల వయసులో పాలు కక్కుతున్నావని మన అమ్మే వాతలు పెట్టించింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నువ్వు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ బెల్లం పాకం కాగే వాసన వచ్చినప్పుడు నా చెవుల్లో పడుతుంది. అమ్మకి నీ మీద ప్రేమ లేక కాదు. కనకానికి కూడా గుంట మీద ప్రేమ లేక కాదు.

నువ్వు ఇంట్లో లేవు. వాళ్ళు ఆగరు. వెళ్ళు. రాయకు, వెళ్ళి నోటితో చెప్పు.

అప్పయమ్మ


బిలాస్‌పూర్
1938 జనవరి

అప్పా,

గుంట కాళ్ళు బాగున్నాయి. ముందు అది చదివి ఊపిరి తీసుకో. మిగతాది నిదానంగా చదువు.

నీ ఉత్తరం కర్గీ రోడ్‌లో అందింది. చేతులకి నూనె ఉండగానే విప్పాను. చదివాక గ్యాంగు మేస్త్రీకి చెప్పకుండా, బిలాస్‌పూర్ వైపు వెళ్ళే గూడ్సు బ్రేకు వ్యానులో ఎక్కేశాను. దానికి నా మీద రిపోర్టు రాశారు, రాసుకోనీ. దారంతా నీతో పోట్లాడుతూనే వచ్చాను. నువ్వు మనవడి గొప్పలు రాయకపోతే నేను రాసేవాణ్ణా? డబ్బా పంపకపోతే ఈ గొడవ వచ్చేదా? ఇప్పటికీ సగం తప్పు నీదే అంటాను. కానీ మిగతా సగం చాలా పెద్దది.

క్వార్టరుకి తాళం. ఎదురింటి ముసలాయన లాల్‌ఖదాన్ వైపు చెయ్యి చూపించాడు. లైను పక్కనే పరుగెత్తాను. అమ్మన్న పెరట్లో కుంపటి, కుంపట్లో కొడవలి. కనకం గోడకి ఆనుకుని కూర్చుంది, అరుణ ఒళ్ళో ఉంది. అప్పలనర్సమ్మ ముందు కూర్చుని దాని రెండు పాదాలూ పట్టుకుంది. గుంట ఆవిడ ముక్కుపుడక లాగాలని చూస్తోంది. వేడుక అనుకుంటోంది.

ఆపమన్నాను. ఆ గుంట నడవలేదన్నాను.

ఇప్పుడు నడవడం లేదని మాకూ తెలుసు బాబూ, అందుకే కదా వచ్చాం అంది అప్పలనర్సమ్మ.

"ఇప్పుడు కాదమ్మా," అన్నాను. "ఎప్పుడూ నడవలేదు. నేను అబద్ధం చెప్పాను."

అంతమంది ముందు నేను ఎన్నో మాట్లాడాను అప్పా. దొరలని తిట్టాను, దేవుళ్ళని తిట్టాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంత చిన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చెబితే అర్థం కాలేదు వాళ్ళకి. ఎందుకు చెప్పావని అడిగారు. మా అప్ప మనవడు నడిచాడని చెప్పాను. అప్పలనర్సమ్మ గుంట పాదాలు వదిలేసింది. తన రెండో కొడుకు రెండేళ్ళు దాటాక నడిచాడనీ, ఇప్పుడు వాడు ఫుట్‌బాల్ ఆడతాడనీ, ఈ ముక్క ముందే చెబితే ఇంత దూరం ఎండలో వచ్చేదాన్ని కాదనీ అంది. తర్వాత తిట్టింది. అవి రాయను, నీకు నచ్చుతాయి. అమ్మన్న కొడవలి తీసి నీళ్ళ కుండలో ముంచి, బొగ్గులు దండగ అయ్యాయని సణుక్కుంటూ లోపలికి పోయాడు. అతన్ని ఒప్పించడానికి నా దగ్గరున్న వాదనలన్నీ అలాగే మిగిలిపోయాయి.

తిరిగి వస్తూ లైను పక్కన కనకాన్ని అడిగాను. నడవలేదని నీకు తెలుసు కదా, నువ్వు నా పక్కనే ఉన్నావు కదా, తెలిసీ ఎందుకు తీసుకొచ్చావన్నాను. గేటు దగ్గర రైలు వెళ్ళేదాకా ఆగాం. అప్పుడు అంది.

"మీరు నడిచిందన్నారు. నలుగురిలో నేను కాదంటే మీ పరువేం కావాలి?"

"మరి దాని కాళ్ళు?"

"కాళ్ళు మానిపోతాయనుకున్నాను."

అప్పా, ఆ మాట అన్నప్పుడు ఆమె ఏడుస్తూ లేదు, కోపంగా లేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అంది.

లైనులో ఇప్పుడు నా బతుకు ఎలా ఉందో ఊహించుకో. షెడ్డులో మరమ్మతు చేసి ఇంజను నడుస్తోందని చెబితే, నిజంగా నడుస్తోందా, మీ గుంట నడిచినట్టు నడుస్తోందా అని అడుగుతున్నారు. వాతల మీద నా వ్యాసం అచ్చయి వచ్చింది. కాపీలు కట్టగానే ఉన్నాయి. పంచే మొహం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. అరుణ నడిచిందట.

నిన్న నేను షెడ్డులో ఉండగా, పెరట్లోకి మేక వచ్చిందట. కనకం తోలుతుంటే, ఇది నీళ్ళ గోలెం వదిలేసి, నై నై అంటూ మేక వెనకాల బయల్దేరిందట. పడింది. లేచింది. మళ్ళీ పడింది. గడ్డం చెక్కుకుపోయింది, అది నేను చూశాను. మేకని మాత్రం దాటిపోనివ్వలేదట. నేను వచ్చాక నడవమంటే కూర్చుని నై అంటోంది. నేను చూడలేదు, చూశానని రాయను. లైనులో ఒక్కరూ నమ్మడం లేదు. మేకని సాక్ష్యం తెమ్మంటున్నారు. నువ్వైనా నమ్ము అప్పా. కావాలంటే అరిసెలు పంపు. ఈసారి అడ్డు చెప్పను.

చిన్నారావు


పార్వతీపురం
1938 ఫిబ్రవరి

తమ్ముడూ,

గుంట కాళ్ళు బాగున్నాయన్న మొదటి ముక్క చదివి నేను కొట్టు కట్టేసి ఇంట్లో కూర్చున్నాను. తర్వాతది చదివాక మళ్ళీ తెరవబుద్ధి కాలేదు.

నన్ను పడుకోనివ్వనిది ఆ కొడవలి కాదు. కాళ్ళు మానిపోతాయనుకున్నానని అన్న ఆ మాట. గుంట చర్మానికీ నీ పరువుకీ బేరం పెట్టి చూసుకుంది, నీ పరువే బరువు తూగింది ఆమెకి. ఆ తూకం ఆమెకి ఎవరు నేర్పారని అడుగుతున్నాను. ఆడది మొగుడి మాట దాటకూడదనే బుద్ధిని నువ్వు పత్రికలో ఏకిపారేస్తావు, చదివి నేను గర్వపడతాను. ఆ బుద్ధితో వండిన అన్నం మాత్రం రోజూ వేళకి తింటావు.

స్త్రీ విద్య మీద నువ్వు రాసిన కాగితాలు నా దగ్గర కట్టలున్నాయి. కనకం చేతిరాత ఒక్క అక్షరం నేనెప్పుడూ చూడలేదు. నాకు మన అయ్య నేర్పించాడు, పొలం పనులు చేసుకునే మనిషి, ఏ సంస్కరణా తెలియదు. నీ పెళ్ళానికి కార్డు ముక్క రాయడం వచ్చి ఉంటే అక్టోబరులోనే నాకు నిజం తెలిసేది. నలుగురిలో చెప్పలేనిది ఆడబడుచుకి రాసి ఉండేది. నడిచింది చూసేది ఆమె. ఆ సంగతి రాసేది నువ్వు. ఈ ఏర్పాటులోనే ఉంది మోసం. మేక సంగతి నిజమే కావచ్చు. నీ చేత్తో వస్తే నేను నమ్మను.

సంతకం ఇక్కడే పెట్టేస్తున్నాను, కింద ఉన్నవాటి మీద బేరం లేదు కనుక.

అప్పయమ్మ

నాకు కావలసినవి:

1. గుంట నడిచినా, మానేసినా, పడినా, దాని ఒంటి దగ్గరికి నిప్పు రాకూడదు.

2. కనకానికి చదవడం, రాయడం నేర్పు. నువ్వే నేర్పు. ఉపన్యాసం వద్దు, పలక కొను.

3. ఆమె దిద్దుకునేంతసేపు గుంటని నువ్వు ఎత్తుకో. పొయ్యి కూడా నువ్వే చూడు.

4. అప్పలనర్సమ్మ గుమ్మం దాకా వెళ్ళి, ఎండలో నడిపించినందుకు క్షమించమని అడుగు. ఆమెతో వాదించకు.

5. నువ్వు నలుగురిలో తప్పు చెబితే కనకం నలుగురిలోనే కాదనాలి. ఆ పూట ఇంటికి వచ్చాక నువ్వు ఆమెని ఒక్క మాట అనకూడదు.

6. సింహాచలం ఏ నెలలో నడిచాడని నన్ను ఇక అడగకు. నేనూ రాయను.

7. కనకం రాసిన ఉత్తరం నువ్వు చదవకూడదు. తప్పులు దిద్దకూడదు. అంటించి గార్డు చేతికి ఇవ్వు.

8. అరుణ నడిచిందో లేదో కనకం రాయాలి.